మనవాడైనా జవాబు చెప్పవలసిందే

వార్డు కౌన్సిలర్ ప్రవర్తన మీద ఫిర్యాదు ఉన్న ముస్లిం కుటుంబానికి మన పట్టణాల్లో రెండు జవాబులు వినిపిస్తాయి. కార్యాలయానికి వెళ్తే "ఇది మా పరిధిలోని విషయం కాదు" అంటారు. మొహల్లా పెద్దల దగ్గరికి వెళ్తే "మనవాడే కదా, రచ్చకెక్కడం ఎందుకు" అంటారు. మొదటి జవాబు ప్రభుత్వానిది, రెండవది మనది. ఈ రెండింటి నడుమ ఫిర్యాదు ఊపిరాడక చచ్చిపోతున్నది. ప్రభుత్వాన్ని నిలదీసే హక్కు మనకు నిండుగా ఉన్నది. అయితే మన ఇంటి జవాబును మనం మార్చుకోనంత కాలం ప్రభుత్వం ముందు మన మాటకు బరువు ఉండదని మేము గట్టిగా నమ్ముతున్నాము. అందుకే ఈ వ్యాసంలో రెండు జవాబులనూ విచారణకు పెట్టదలచాము.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా జీవితం గడిపి, పదవీ విరమణ తర్వాత బస్తీలో అర్జీలు రాసిపెట్టే పని నెత్తిన వేసుకున్నవారము మేము. మా దగ్గరికి వచ్చే ఫిర్యాదులు పెద్ద కుంభకోణాలేమీ కావు. వితంతు పింఛను అర్జీ మీద ఒక మాట సాయం చేయడానికి పదిసార్లు ఇంటి చుట్టూ తిప్పించుకున్న కౌన్సిలర్ గురించి ఒకరు చెబుతారు. షాదీ ముబారక్ కింద వచ్చే 1,00,116 రూపాయల్లో 'ఖర్చుల' పేరిట కొంత ముందే ఇమ్మన్నారని మరొకరు చెబుతారు. స్లాబు వేసేనాడు సిమెంటు బస్తాల కంటే ముందు కౌన్సిలర్ మనుషులు వచ్చి నిలబడ్డారని ఒక మేస్త్రీ చెబుతాడు. ఖబ్రస్తాన్ ప్రహరీ గోడ ఒకవైపు ఎందుకు లోపలికి జరిగిందని అడిగినందుకు నలుగురిలో బూతులు తిన్న ముసలాయన తన పేరు రాయవద్దని బతిమాలుతాడు. వీరందరూ అడిగే ప్రశ్న ఒకటే: "సాబ్, ఇది ఎవరికి చెప్పుకోవాలి?"

జవాబు చెప్పాలంటే ముందు ఈ ఫిర్యాదులను మూడుగా విడదీయాలి. కొట్టడం, బెదిరించడం, భూమిని ఆక్రమించడం నేరాలు. వాటికి పోలీసు స్టేషన్ ఉన్నది. విచారణార్హమైన నేరం జరిగినట్టు సమాచారం అందితే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయక తప్పదని లలితా కుమారి కేసులో 2013లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. లంచం అడగడం అవినీతి. దానికి అవినీతి నిరోధక శాఖ ఉన్నది. కౌన్సిలర్ జీతగాడు కాదు కనుక ఆ చట్టం ఆయనకు వర్తించదని చెప్పే మాటను ఎవరూ నమ్మవద్దు. రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా పురపాలక కౌన్సిలర్ కేసులో 2013లోనే సుప్రీంకోర్టు కౌన్సిలర్ కూడా ఆ చట్టం దృష్టిలో ప్రజాసేవకుడేనని తేల్చింది.

ఇక మూడవ రకం నేరానికి ఒక మెట్టు దిగువన ఉండే దుష్ప్రవర్తన. అర్హుల జాబితాలో తనకు ఓటు వేయని వీధిని మరచిపోవడం, అర్జీతో వచ్చిన ఆడవారితో మర్యాద తప్పి మాట్లాడటం, సొంత బావమరిది కాంట్రాక్టు మీద చర్చ జరుగుతుంటే సభలోనే కూర్చుని తల ఊపడం, ఒక మతం వారిని ఎగతాళి చేస్తూ మాట్లాడటం వంటివి దీనిలోకి వస్తాయి. పేదల రోజువారీ బతుకును ఎక్కువగా గాయపరిచేది ఈ మూడవ రకమే. మన వ్యవస్థలో దిక్కులేనిది కూడా ఈ మూడవ రకమే.

ఇక్కడ ఒక పోలిక చెప్పక తప్పదు. కార్యాలయంలో అందరికంటే కింది మెట్టున ఉండే గుమాస్తాకు 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. అతడు ఎవరి దగ్గర ఎంత విలువ గల కానుక పుచ్చుకోవచ్చునో, ఆస్తి కొంటే ఎవరికి తెలపాలో, బంధువుల పని తన చేతిలోకి వస్తే ఏం చేయాలో అందులో ఉన్నది. అతడు తప్పు చేస్తే ఏం చేయాలో 1991 నాటి వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నియమాలు చెబుతాయి. అభియోగ పత్రం ఇస్తారు, సంజాయిషీ అడుగుతారు, విచారణాధికారిని నియమిస్తారు, నివేదిక ప్రతిని చేతికిస్తారు, శిక్ష వేస్తే అప్పీలుకు అవకాశం ఉంటుంది. ఫిర్యాదు చేసినవారికీ ఒక దారి, ఫిర్యాదుకు గురైనవారికీ ఒక రక్షణ. అదే గుమాస్తాను తన ముందు నిలబెట్టి "ఈ ఫైలు ఇవాళే కదలాలి" అని గద్దించే కౌన్సిలర్ విషయంలో ఇటువంటిదేదీ పౌరుని చేతికి అందదు. ప్రజలతో ఆయన నడవడిక ఎలా ఉండాలి, తప్పితే ఎవరికి చెప్పాలి, ఎన్నాళ్లలో తేలుస్తారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాసిన కాగితం ఏ వార్డు కార్యాలయం గోడ మీదా కనిపించదు.

చట్టాల్లో కౌన్సిలర్‌ను ఇంటికి పంపే నిబంధనలు లేవని కాదు. ఉన్నాయి. అవి దేనిని పట్టించుకుంటాయో చూస్తే మన పాలకుల ప్రాధాన్యాలు అర్థమవుతాయి. 1994 నుండి ఆంధ్రప్రదేశ్‌లో ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు స్థానిక సంస్థల్లో పోటీకి అనర్హులు. మూడు దశాబ్దాల తర్వాత, 2024 నవంబరులో గాని అక్కడి శాసనసభ ఆ నిబంధనను తొలగించలేదు. ఈలోగా ఎందరు పేదలు, అందులో ఎందరు ముస్లింలు బిడ్డల లెక్క వల్ల పోటీకి దూరమయ్యారో మన కుటుంబాలకు తెలియనిది కాదు. తెలంగాణ పురపాలక చట్టం 2019లో వచ్చింది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకకపోతే వార్డు సభ్యుని పదవికే ముప్పు అని అందులో రాసుకున్నారు. మొక్కలు బతకడం మంచిదే, మేము కాదనము. కాని బిడ్డలను లెక్కపెట్టిన చట్టానికి, మొక్కలను లెక్కపెట్టిన చట్టానికి, అర్జీ పట్టుకుని గుమ్మంలో నిలబడిన ముసలమ్మను కౌన్సిలర్ ఏమని పిలిచాడో లెక్కలోకి రాలేదు.

నడవడిక మీద ఫిర్యాదు ఇస్తే ఏమవుతుందో మాకు బాగా తెలుసు. ఆ కాగితాలను ఏళ్ల తరబడి నమోదు చేసినవి గుమాస్తాల చేతులే. సోమవారం కలెక్టరేటు ప్రజావాణిలో అర్జీ ఇస్తారు. అది నమోదై, 'పరిశీలించి తగు చర్య నిమిత్తం' అన్న ముద్రతో పురపాలక కమిషనర్‌కు చేరుతుంది. కమిషనర్ పనిచేసేది ఆ కౌన్సిల్‌తోనే. బడ్జెట్టు ఆమోదించవలసినది, తీర్మానాలు చేయవలసినది, సభలో ఆయనను నిలదీయగలిగినది ఆ సభ్యులే. అటువంటప్పుడు ఆయన సంబంధిత సభ్యుని వివరణ నోటిమాటగా అడిగి, 'విచారించగా ఆరోపణలు నిరాధారమని తెలిసినది' అని రాసి పంపుతారు. ఫైలు 'ఎల్.డిస్.' అవుతుంది. కార్యాలయ పరిభాషలో దాని అర్థం, కొద్దికాలం ఉంచి చింపివేయదగిన కాగితమని. ఫిర్యాదుదారునికి మాత్రం ఆ సాయంత్రమే కౌన్సిలర్ మనిషి నుండి ఫోను వస్తుంది: "ఏం చాచా, కలెక్టర్ దాకా పోయినవట?" ఎవరి మీద ఫిర్యాదు ఇచ్చారో వారి చేతికే ఫిర్యాదు చేరే విధానాన్ని విచారణ అనడం ఆ మాటకే అవమానం.

ఇక రాజకీయ లెక్క. కౌన్సిలర్ అధికార పక్షం వాడైతే ఫిర్యాదు ముందుకు నడవదు. ప్రతిపక్షం వాడైతే పరుగెత్తుతుంది. పార్టీ మారితే ఆగిపోతుంది. అధికారంలో ఏ పార్టీ ఉన్నా ఈ లెక్క మారలేదు. ఫిర్యాదు న్యాయానికి సాధనం కాకుండా బేరానికి సాధనమైతే నష్టపోయేది ఎప్పుడూ బలం లేని వర్గమే. మనకు రెండు వైపులా దెబ్బ తగులుతుంది. మన ఫిర్యాదులు బుట్టదాఖలు అవుతాయి. మన ప్రతినిధుల మీద వచ్చే ఫిర్యాదులు, వారు మాట వినని రోజున, ఆయుధాలుగా మారతాయి.

అందుకే మేము పదవి ఊడగొట్టడం సులభం చేయాలని అడగడం లేదు. ప్రజలు ఎన్నుకున్న వ్యక్తిని తొలగించడం చిన్న విషయం కాదని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. పంజాబ్‌లోని రాజ్‌పురా పురపాలక అధ్యక్షుని తొలగింపుపై 2001లో తర్లోచన్ దేవ్ శర్మ కేసులోనూ, మహారాష్ట్రలోని ఉరణ్ పురపాలక అధ్యక్షుని తొలగింపుపై 2012లో రవి యశ్వంత్ భోయిర్ కేసులోనూ ఆ తొలగింపు ఉత్తర్వులను కొట్టివేసింది. తొలగింపు ఆ వ్యక్తికి కళంకం తెస్తుంది, ఎన్నుకున్న ప్రజల హక్కునూ హరిస్తుంది. కనుక ఆరోపణ గట్టిగా రుజువు కావాలి, వివరణకు నిజమైన అవకాశం ఇవ్వాలి. ఈ తీర్పుల సారం అదే. కౌన్సిలర్‌కు అన్యాయం జరగకూడదు, ఫిర్యాదుదారునికీ జరగకూడదు. ఈ రెండింటికీ కావలసినది ఒకటే: అధికార పక్షం గుప్పిటలో లేని విచారణ.

ఇప్పుడు మన ఇంటి జవాబు దగ్గరకు వద్దాము. "మనవాడే కదా" అనేవారు మూడు వాదనలు చెబుతారు. వారి ఉద్దేశాన్ని మేము శంకించము; వాదనలను మాత్రం ఒప్పుకోము.

మొదటి వాదన: "మనకు ఉన్నదే ఒకరిద్దరు కౌన్సిలర్లు. వారి మీద మనమే ఫిర్యాదు చేస్తే రేపు ఆ ఒకరిద్దరు కూడా ఉండరు." మన సంఖ్య తక్కువన్నది నిజమే. మైనారిటీల నుండి కో-ఆప్షన్ సభ్యులను తీసుకునే ఏర్పాటు ఉన్నా వారికి సభలో మాట్లాడే అవకాశమే గాని ఓటు లేదు. కాని ఆ ఒక్క ప్రతినిధి ఎవరికి ప్రతినిధి? ఖబ్రస్తాన్ గోడ జరిగినప్పుడు నోరు మెదపని వ్యక్తి సభలో ఉంటే మనకు ఒక కుర్చీ మిగిలింది, ఒక గొంతు మిగలలేదు. పైగా ప్రతినిధులు తక్కువైనచోట ఒక్కొక్కరి నడవడిక మరింత విలువైనది. వంద మందిలో ఒకడు చెడితే ఒకడు చెడ్డాడంటారు. ఇద్దరిలో ఒకడు చెడితే జాతి మొత్తాన్ని అంటారు. జాతి పరువు కాపాడాలనుకునేవారు ముందుగా చేయవలసినది చెడినవాణ్ణి దాచడం మానుకోవడం.

రెండవ వాదన: "మన ఫిర్యాదును అవతలివారు వాడుకుంటారు." వాడుకుంటారు, అనుమానం లేదు. దాచిపెట్టినా వాడుకుంటారు, పైగా "వీళ్లు తమవాళ్లను దాస్తారు" అన్న మరో నిందను జోడిస్తారు. మనం ముందుగా, కాగితం మీద, ఆధారాలతో చెప్పిన మాటను వక్రీకరించడం కష్టం. గుసగుసగా బయటపడిన మాటను వక్రీకరించడం తేలిక.

మూడవ వాదన: "పెద్దలు కూర్చుని సర్దుబాటు చేస్తారు." ఈ సర్దుబాట్లను చాలా చూశాము. భార్యాభర్తల తగాదాలో, గోడ హద్దు తగాదాలో పెద్దల మాట ఎన్నో ఇళ్లను నిలబెట్టింది. ఆ సంప్రదాయాన్ని మేము గౌరవిస్తాము. అక్కడ ఇద్దరూ సమానులు. కౌన్సిలర్‌కు, పింఛను కోసం వచ్చిన వితంతువుకు మధ్య సమానత్వం ఎక్కడున్నది? ఆ కూర్చున్న పెద్దల్లో ఒకరికి మస్జిద్ ముందు సిమెంటు రోడ్డు కావాలి, ఒకరికి ఇంటి అనుమతి కావాలి, ఒకరు రేపు కో-ఆప్షన్ పదవికి ఆశపడుతున్నారు. ఆ సభలో వినిపించే చివరి మాట ఎప్పుడూ ఒకటే: "పోనీలే ఖాలా, సబర్ చేయి." సహనం గొప్ప గుణం, అది ఎప్పుడూ ఒక పక్షానికే బోధించబడితే మాత్రం దానిని న్యాయం అనలేము. ఇంకొక మాట: ఆ కూర్చున్నవారిలో సాధారణంగా ఒక్క స్త్రీ కూడా ఉండదు.

స్త్రీల ప్రస్తావన వచ్చింది గనుక మరొక చేదు నిజం. పురపాలక సంఘాల్లో సగం స్థానాలు స్త్రీలకు దక్కుతున్నాయి. ఇది ఘనమైన విజయం. అయితే చాలా వార్డుల్లో సంతకం ఆమెది, పెత్తనం భర్తది. సమీక్షలో కూర్చునేది ఆయన, వార్డులో తిరిగి వసూళ్లు చేసేది ఆయన, అడిగితే గద్దించేదీ ఆయనే. ఆయన మీద ఫిర్యాదు ఇస్తే "ఆయన కౌన్సిలర్ కాడు కదా" అంటారు. ఆమె మీద ఇస్తే "పాపం, ఆమెకేం తెలుసు" అంటారు. అధికారం ఒకరి చేతిలో, బాధ్యత మరొకరి పేరిట ఉండే ఈ ఏర్పాటు మన బస్తీల్లోనూ ఉన్నది, బయటా ఉన్నది. ఎన్నుకున్న సభ్యుని పేరిట అధికారం చెలాయించే కుటుంబ సభ్యుని చేష్టకు ఆ సభ్యులే జవాబుదారీ అన్న నిబంధన లేకుండా ఏ ప్రవర్తనా నియమావళీ పూర్తి కాదు.

పదవి అమానత్ అని మనం శుక్రవారం ప్రసంగాల్లో వింటూనే ఉంటాము. అమానత్‌ను అప్పగించిన వ్యక్తికి లెక్క అడిగే హక్కు ఉంటుంది. అడగడం ద్రోహమైతే అది అమానత్ కాదు, దానం. మన ఓటు ఎవరికీ దానం చేయలేదు. అదే సమయంలో, విన్న మాటను విచారించకుండా నమ్మరాదన్నది కూడా మన ధర్మమే. వాట్సాప్‌లో వచ్చిన ఆడియో ముక్కను పదిమందికి పంపి ఒకరి పరువు తీయడం ఫిర్యాదు కాదు. ఫిర్యాదుకు సంతకం ఉంటుంది, తేదీ ఉంటుంది, చెప్పిన మాటకు కట్టుబడే ధైర్యం ఉంటుంది.

మనవారి విషయంలో ఈ నిజాయతీ చూపినప్పుడే ఇతరుల విద్వేష వాక్కు మీద మన ఫిర్యాదుకు నైతిక బలం వస్తుంది. ఒక కౌన్సిలర్ సభలో ముస్లింల మీద విషం కక్కితే ఏమి చేయాలి? 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మతాల మధ్య వైరం పెంచడం 196వ సెక్షన్ కింద, మత విశ్వాసాలను ఉద్దేశపూర్వకంగా అవమానించడం 299వ సెక్షన్ కింద నేరాలు. విద్వేష ప్రసంగాలపై ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా పోలీసులు తామే కేసు పెట్టాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకు ఆదేశించింది. అయినా ఈ సెక్షన్ల కింద న్యాయస్థానం విచారణ చేపట్టాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. అంటే తాళం మళ్లీ ప్రభుత్వం చేతిలోనే. కేసు పెట్టేంత దూరం వెళ్లని వెటకారపు మాటలకు, 'మీ గల్లీకి రోడ్డు ఎందుకు' అనే అహంకారానికి ఆ తాళం కూడా లేదు. ప్రవర్తనా నియమావళి కావలసింది ఇందుకే.

ఇది గొంతెమ్మ కోరిక అనేవారికి పొరుగునే ఉదాహరణ ఉన్నది. కేరళ రాష్ట్రం 1999లో పంచాయతీరాజ్ చట్టాన్ని సవరించి స్థానిక సంస్థల కోసం ప్రత్యేక అంబుడ్స్‌మన్ వ్యవస్థను ఏర్పాటు చేసింది. హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన వ్యక్తి దానికి అధిపతి. పంచాయతీలూ పురపాలక సంఘాలూ, ఉద్యోగులూ ఎన్నికైన సభ్యులూ దాని పరిధిలోకి వస్తారు. సాక్షులను పిలిపించడానికి, పత్రాలు తెప్పించడానికి దానికి సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి. రెండవ పరిపాలనా సంస్కరణల సంఘం 2007లో స్థానిక పాలనపై ఇచ్చిన నివేదికలో ఇటువంటి అంబుడ్స్‌మన్‌ను సిఫారసు చేసింది. 2010 నుండి 2015 వరకు అమలైన పదమూడవ ఆర్థిక సంఘం సిఫారసుల్లో, స్థానిక సంస్థలకు పనితీరు గ్రాంటు పొందాలంటే ఎన్నికైన సభ్యులపైనా అధికారులపైనా ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అంబుడ్స్‌మన్ ఉండాలన్నది ఒక షరతు. కేంద్ర సంఘాలు రెండు చెప్పిన మాట, ఒక దక్షిణాది రాష్ట్రం చేసి చూపిన పని మనకు అసాధ్యం ఎలా అవుతుంది?

కాగితం మీద నియమావళి రాసినంత మాత్రాన సరిపోదన్న హెచ్చరికకు ఇంగ్లండు ఉదాహరణ. అక్కడ 1995లో నోలన్ కమిటీ ప్రజాజీవితానికి ఏడు సూత్రాలు చెప్పింది. కౌన్సిలర్లపై ఫిర్యాదుల కోసం 2000 నాటి చట్టం ద్వారా జాతీయ స్థాయి బోర్డును ఏర్పరచారు. 2011 నాటి లోకలిజం చట్టంతో దానిని రద్దు చేసి, ప్రతి కౌన్సిల్ తన నియమావళిని తానే రాసుకోవాలన్నారు. నిర్ణయానికి ముందు ఒక స్వతంత్ర వ్యక్తి అభిప్రాయం వినాలన్న మంచి నిబంధన పెట్టారు గాని, తప్పు రుజువైన సభ్యుణ్ణి కొంతకాలం సభకు దూరంగా ఉంచే అధికారాన్ని తీసివేశారు. ఫలితంగా మందలింపే గాని శిక్ష లేదన్న అసంతృప్తి పెరిగింది. 2019లో అక్కడి ప్రమాణాల కమిటీయే ఆరు నెలల వరకు సస్పెండ్ చేసే అధికారం తిరిగి ఇవ్వాలని సిఫారసు చేసింది. కోరలు లేని నియమావళి వల్ల ఫిర్యాదుదారుడు శత్రువును సంపాదించుకోవడం తప్ప మరేమీ మిగలదు.

కనుక రెండు తెలుగు రాష్ట్ర ప్రభుత్వాల ముందు మా డిమాండ్లు ఇవి. ఒకటి, కౌన్సిలర్లు, కార్పొరేటర్లు, కో-ఆప్షన్ సభ్యులకు వర్తించే ప్రవర్తనా నియమావళిని తెలుగులోనూ ఉర్దూలోనూ ప్రచురించి ప్రతి వార్డు కార్యాలయంలో గోడకు అంటించాలి. రెండు, ఫిర్యాదును విచారించే అధికారం కమిషనర్‌కు గాని, మంత్రికి గాని కాక, ఉమ్మడిగా కొన్ని జిల్లాలకు ఒకటి చొప్పున స్వతంత్ర అంబుడ్స్‌మన్‌కు ఉండాలి. మూడు, ఫిర్యాదు అందినట్టు రసీదు, ప్రాథమిక పరిశీలనకు గడువు, తుది నిర్ణయానికి గడువు చట్టంలోనే రాయాలి. ఐదేళ్ల పదవీకాలం ముగిసేదాకా సాగదీసే విచారణ విచారణే కాదు. నాలుగు, కౌన్సిలర్‌కు ఆరోపణల ప్రతి, సాక్షులను ప్రశ్నించే హక్కు, అప్పీలు ఉండాలి. ఐదు, శిక్ష మెట్లు మెట్లుగా ఉండాలి: బహిరంగ క్షమాపణ, మందలింపు, గౌరవ వేతనం నిలుపుదల, పరిమిత కాలపు సస్పెన్షన్, తొలగింపు చిట్టచివరిది. ఆరు, ఫిర్యాదు చేసిన కుటుంబం పింఛను, నల్లా, ఇంటి అనుమతి వంటివి ఆ కారణంగా ఆగిపోతే దానిని ప్రత్యేక దుష్ప్రవర్తనగా పరిగణించాలి. ఈ ఆరవది లేకపోతే మొదటి ఐదూ పేదవాడికి ఉపయోగపడవు.

చట్టం వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. మన బస్తీ సంఘాలు ఈ రోజు నుండే చేయగల పనులు ఉన్నాయి. ఫిర్యాదు ఎప్పుడూ రాతపూర్వకంగా ఉండాలి. జరిగిన తేదీ, సమయం, స్థలం, అన్న మాటలు అన్నట్టుగానే, విన్నవారి పేర్లు రాయాలి. 'అవినీతిపరుడు', 'దుర్మార్గుడు' వంటి విశేషణాలు తీసివేయాలి. ఒక కాగితంలో ఒకే విషయం రాయాలి. ఇన్‌వార్డులో ఇచ్చి, రెండవ ప్రతిపై ముద్ర, నంబరు, తేదీ వేయించుకోవాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఆ నంబరు పేర్కొని, ఫైలు ఎవరి దగ్గర ఎన్ని రోజులు ఉన్నదో, నోట్‌ఫైలు ప్రతులతో సహా అడగాలి. ఫైలును మూసివేసే కలం ఆ ప్రశ్న ముందు కొంత తడబడుతుందని అనుభవం మీద చెబుతున్నాము.

లంచం విషయంలో మరొక జాగ్రత్త. 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇవ్వవలసి వచ్చినవారు ఏడు రోజుల్లోగా పోలీసులకు గాని దర్యాప్తు సంస్థకు గాని తెలిపితే ఆ నిబంధన వారికి వర్తించదు. కనుక "చూద్దాంలే" అని నెల గడపవద్దు. ఇవ్వకముందే అవినీతి నిరోధక శాఖకు చెప్పడం అన్నిటికంటే మేలు. వ్యక్తి ఒంటరిగా సంతకం చేయడానికి భయపడితే సంఘం తోడుగా సంతకం చేయాలి. ప్రతి సంఘంలో ఫిర్యాదులు వినడానికి కనీసం ఇద్దరు స్త్రీలు ఉండాలి. కౌన్సిలర్‌తో లావాదేవీలు ఉన్న పెద్దలు ఆ రోజు ఆ చర్చ నుండి తామే లేచి వెళ్లాలి.

ఎన్నికలు వచ్చినప్పుడు మన వీధుల్లోకి అభ్యర్థులు వస్తారు. ఖబ్రస్తాన్‌కు లైట్లు, షాదీఖానాకు రంగులు, ఈద్‌గాహ్‌కు చదును అని హామీలు ఇస్తారు. అవి అడగండి, తప్పులేదు. వాటితో పాటు ఒక కాగితం ముందు పెట్టి సంతకం అడగండి: "నా మీద ఫిర్యాదు వస్తే స్వతంత్ర విచారణకు కట్టుబడతాను, ఫిర్యాదుదారుని ఇంటికి మనుషులను పంపను." మనవాడైనా, పరాయివాడైనా, ఏ రంగు జెండా మోసేవాడైనా అదే కాగితం, అదే సంతకం. సంతకానికి వెనుకాడిన వ్యక్తి "నేను మీవాణ్ణే కదా" అంటే, "అందుకే నిన్ను ముందుగా అడుగుతున్నాము" అని చెప్పండి.